మా కారు ఎక్కడ కారింది?

మా అమ్మ దీపం పెట్టే తులసి కోటకీ, పోర్టికోలో ఆగి ఉన్న మా పాత మారుతీ 800 వెనక చక్రానికీ మధ్య దూరం పదకొండు అడుగులు. టేపు పెట్టి మరీ కొలిచాను. దీపావళికి మూడు రోజుల ముందు, పొద్దున్నే, పళ్లు కూడా తోముకోకుండా. ఎందుకంటే ఆ పదకొండు అడుగుల మధ్యలో పెట్రోల్ వాసన వస్తోంది.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్తా.

మాది తెనాలి. ఉద్యోగం హైదరాబాద్‌లో. పండక్కి రెండు వారాల ముందే లాప్‌టాప్ సర్దుకుని ఇంటికొచ్చేశా, వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని. నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. కారు 1997 మోడల్, నేను పుట్టిన ఏడాదే కొన్నారు. కార్బురేటర్ బండి, 796 సీసీ, మూడు సిలిండర్లు. కొన్న పదిహేనేళ్లకి ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయిస్తూ వస్తున్నారు. 2012, 2017, 2022 అయిపోయాయి. 2027 వస్తోంది. "ఈసారి వద్దులే నాన్నా, అమ్మేద్దాం" అని నేను, "నీకేం అడ్డమొచ్చిందమ్మా అది" అని ఆయన. ప్రతి పండక్కీ ఇదే పంచాయితీ.

ఈసారి డేటాతో ఒప్పిద్దామనుకున్నా. ఆయన మైలేజీ పదహారు అంటారు. నేను నమ్మను. మైలేజీ కొలిచే పద్ధతి అందరికీ తెలిసిందే. ట్యాంకు పూర్తిగా నింపాలి, తిరగాలి, మళ్లీ పూర్తిగా నింపాలి, రెండోసారి పట్టిన పెట్రోల్‌తో తిరిగిన దూరాన్ని భాగించాలి. వచ్చిన మర్నాడే బంకుకి వెళ్లి ఫుల్ ట్యాంక్ కొట్టించా. గూగుల్ షీట్ ఓపెన్ చేసి మొదటి లైను రాసుకున్నా. ఆ లైనే మా కొంప ముంచబోతోందని అప్పుడు నాకు తెలీదు.

తర్వాతి రోజు పొద్దున్న పోర్టికోలో గుప్పుమని వాసన. నాన్నని అడిగితే, "పాత బండికి ఆ మాత్రం వాసన ఉంటుందమ్మా" అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా. వంగి కింద చూశా. ఎడమ వెనక చక్రం పక్కన సిమెంటు మీద అరచేయంత తడి. పాత పేపరు పరిచి చూస్తే ఆగి ఆగి ఒక్కో చుక్క పడుతోంది. పెట్రోల్‌తో చిక్కేమిటంటే ఆయిల్‌లా మడుగు కట్టదు. పడింది పడ్డట్టు ఆవిరైపోతుంది. సెకనుకి ఒక్క చుక్క చొప్పున కారినా గంటకి సుమారు వంద మిల్లీలీటర్లు పోతుంది, అయినా నేల మీద కనపడేది అరచేయంత తడే. "ఇంతేగా" అనిపిస్తుంది.

ఊళ్లో కొత్తగా పెట్టిన గ్యారేజీ కుర్రాడికి ఫోన్ చేశా. అతనొచ్చేసరికి మర్నాడు సాయంత్రమైంది. తడి లేదు, చుక్క లేదు, వాసన కూడా పల్చబడింది. బానెట్ ఎత్తి అటూ ఇటూ చూసి, ఫ్యూయల్ పంప్ దగ్గర చెమ్మగా ఉందన్నాడు. మా కారు పంపుకి కరెంటు అక్కర్లేదు. ఇంజినే దాన్ని ఆడిస్తుంది, లోపల రబ్బరు డయాఫ్రమ్ పైకీ కిందకీ కదులుతూ ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. ఆ రబ్బరు చిరిగితే లీక్ అవడం మామూలే. కాబట్టి అతని అనుమానం తప్పు కాదు. కానీ అతను పంపు మార్చాడు, దాంతోపాటు ఫిల్టరు మార్చాడు, బానెట్ కింద గొట్టాలు మార్చాడు, క్లిప్పులూ మార్చాడు. అన్నీ ఒకేసారి. బిల్లు మూడు వేలు దాటింది.

ఆఫీసులో ఎవరైనా ఒక బగ్ కోసం నాలుగు ఫైళ్లు ఒకేసారి మార్చి పంపితే నేను ఊరుకోను. ఏ మార్పు వల్ల బాగైందో ఎలా తెలుస్తుందని క్లాసు పీకుతా. ఇక్కడ మాత్రం నోరు మూసుకుని ఫోన్‌పే చేశా. పైగా చుక్క పడింది వెనక చక్రం దగ్గర, అతను మార్చింది ముందు బానెట్ కింద. ఆ మాట అడగాలని కూడా తట్టలేదు నాకు. వాసన పోయింది కదా, అంతే చాలనుకున్నా. వారం రోజులు వాసన లేదు. టికెట్ క్లోజ్.

ఈలోగా గుంటూరు, విజయవాడ షాపింగులతో 180 కిలోమీటర్లు తిరిగాం. గురువారం సాయంత్రం మళ్లీ ఫుల్ ట్యాంక్. 12.8 లీటర్లు పట్టింది. లెక్క వేస్తే లీటరుకి 14. "చూశారా, పదహారు కాదు" అని గెలిచినంత సంబరంగా ఇంటికొచ్చా. శుక్రవారం తెల్లారేసరికి పోర్టికో నిండా పెట్రోల్ వాసన.

ఇక్కడికి ఈ కథలో నవ్వుకునే భాగం అయిపోయింది.

ఎందుకంటే సోమవారం దీపావళి. బుధవారం నుంచి కార్తీకం. మా వీధిలో పిల్లలు అప్పటికే సాయంత్రాలు తారాజువ్వలు మొదలెట్టేశారు. ఇక మా తులసి కోటకి దీపం పెట్టే గూడు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి ఎగిరిపోదు. నేల మీద పరుచుకుని, పల్లం వెతుక్కుంటూ నీళ్లలాగే పాకుతుంది. గాలిలో ఒకటిన్నర శాతం దాకా కలిస్తే చాలు, మంట తగిలిందంటే అంటుకుంటుంది. ఎండాకాలమే అక్కర్లేదు, మైనస్ నలభై డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి దానికి ఉంటుంది. మా పోర్టికో వాలు ఎటు ఉందో తెలుసా? తులసి కోట వైపు. వాన నీళ్లు కుదురులోకి పోవాలని నాన్నే అలా కట్టించారు.

అమ్మ అప్పటికే స్నానం చేసి అగ్గిపెట్టె పట్టుకుని వస్తోంది.

"అమ్మా, ఆగు!" అని అరిచిన అరుపుకి పక్కింటి పిన్నిగారు కూడా బయటికొచ్చారు. అమ్మకి కోపం వచ్చింది, దీపం పెట్టేటప్పుడు ఆ అరుపేమిటని. వాసన చూడమన్నా. చూసింది. ఏమీ మాట్లాడకుండా అగ్గిపెట్టె తీసుకెళ్లి వంటింట్లో పెట్టి, గ్యాస్ సిలిండర్ నాబ్ కట్టేసి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ కారు గురించి ఆవిడ ఒక్క మాట కూడా అనగా వినలేదు నేను. ఆ రోజు అంది. "ఇది ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

కారు స్టార్ట్ చేయలేదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే తప్పు అదే, 'ముందు బయటికి తీసేద్దాం' అని తాళం తిప్పుతారు. స్టార్టర్ మోటారులో చిన్న స్పార్క్ చాలు. పోర్టికో లైటు స్విచ్చు కూడా ముట్టుకోలేదు. గేట్లు రెండూ బార్లా తీసి, కాసేపు గాలి ఆడనిచ్చి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, నేనూ నాన్నా పక్కింటి బాబాయిగారూ కలిసి తోశాం. బండి బరువు ఆరొందల యాభై కిలోల చిల్లర, అంతే. ఇప్పటి ఎస్‌యూవీ అయితే మా వల్ల అయ్యేది కాదు. వీధి చివర ఖాళీ స్థలంలో వేపచెట్టు కింద నిలబెట్టాం.

అప్పుడు నాన్న తన పాత మెకానిక్‌కి ఫోన్ చేశారు. డెబ్భై ఏళ్లాయన, షెడ్డు కొడుక్కి అప్పగించేశారు. ఊళ్లో అందరూ మేస్త్రిగారనే అంటారు. పదింటికి టీవీఎస్ మీద వచ్చారు. వస్తూనే బానెట్ ఎత్తలేదు. చెట్టు నీడలో చెప్పులు విడిచి కూర్చుని, "వాసన ఎప్పుడొస్తంది, ఎప్పుడు రాట్లేదు?" అని అడిగారు. అడిగింది నాన్నని. నాన్న నా వైపు చూశారు. నేను ఫోన్ తీసి షీట్ చూపించా. తేదీ, కిలోమీటర్లు, పట్టిన లీటర్లు, వాసన ఉందా లేదా. చత్వారానికి ఫోన్ దూరంగా పట్టుకుని చూశారాయన.

"ఫుల్లుగా కొట్టిచ్చిన మర్నాడు వాసన. మూడో రోజుకి లేదు. మళ్లీ ఫుల్లు, మళ్లీ వాసన. ఇందులో పంపేం చేసింది పాపా? పంపు కారితే బండి నడిచిన రోజల్లా కారాలిగా."

ఈ రెండు లైన్లూ నా షీట్‌లో వారం నుంచీ ఉన్నాయి. నేనే టైప్ చేశా. కానీ ఆ కాలమ్‌నీ ఈ కాలమ్‌నీ కలిపి చూడలేదు. నా దృష్టంతా మైలేజీ మీదే.

"మాస్టారూ, మీరెప్పుడూ ఫుల్లు కొట్టియ్యరా?"

"నేనెప్పుడూ అయిదొందలకేనయ్యా. నిండుగా కొట్టిస్తే కొంచెం వాసనొస్తోందని రెండేళ్ల నుంచీ మానేశా."

రెండేళ్ల నుంచీ! లీటరు వంద దాటాక అయిదు వందలకి వచ్చేది నాలుగున్నర లీటర్లు. ట్యాంకు పట్టేది 28. అంటే మా కారు ట్యాంకు రెండేళ్లుగా సగం కూడా నిండలేదు, లీక్ ఉన్న ఎత్తుకి పెట్రోల్ ఎప్పుడూ చేరలేదు. ప్రోగ్రామర్లకి హైజెన్‌బగ్ అని ఒక మాట ఉంది, పట్టుకుందామని చూసినప్పుడల్లా మాయమయ్యే తప్పు. నాది దానికి తిరగేసిన కేసు. కొలవడం మొదలెట్టిన రోజునే లీక్ మొదలైంది, ఎందుకంటే కొలవడం కోసమే ట్యాంకు నింపా. పోయిన పెట్రోల్‌ని కూడా ఇంజిన్ తాగిందని లెక్కేసి, పద్నాలుగే అని నాన్న దగ్గర మీసం మెలేసినంత పని చేశా.

ఎండ సంగతి కూడా చెప్పాలి. పెట్రోల్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. 28 లీటర్లు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు పావు లీటరు పెరుగుతుంది. పంపు ఆగాక కూడా 'ఇంకొంచెం కొట్టన్నా' అని గొంతు దాకా పోయించుకుంటే ఆ పావు లీటరుకి చోటుండదు. నేను పోయించుకున్నా, రౌండ్ ఫిగర్ కోసం.

ముగ్గు పిండి పరీక్ష

బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీశారు. బండి వెనక భాగం జాకీతో లేపి, జాకీని నమ్మకుండా కింద ఇనుప స్టాండ్లు పెట్టారు. పక్కన రెండు బకెట్ల ఇసుక. నా ఫోన్ తీసుకెళ్లి గట్టు మీద పెట్టించారు. బ్యాటరీ టార్చి దూరంగా వెలిగించి పట్టుకొచ్చారే తప్ప కారు కింద స్విచ్ నొక్కలేదు. తర్వాత అమ్మని పిండి అడగమన్నారు.

"ఏ పిండి?"

"ముగ్గు పిండమ్మా. పొడిది."

డబ్బా తీసుకెళ్లి ఇచ్చా. పాత గుడ్డతో ట్యాంకు చుట్టూ మట్టీ జిడ్డూ తుడిచి, ఆరాక, ముగ్గు పిండి పల్చగా చల్లారు. ట్యాంకు అంచు మీద, పెట్రోల్ పోసే గొట్టం మీద, దాని పక్కనే ఉండే సన్న గాలి గొట్టం మీద, ఇంజిన్‌కి వెళ్లే పైపు మీద. చల్లేసి మళ్లీ చెట్టు కింద కూర్చుని బీడీ తీశారు. నేను కళ్లు పెద్దవి చేసేసరికి నవ్వి జేబులో పెట్టేసుకున్నారు. ఆ బీడీ ఆయన నిజంగా మర్చిపోయి తీశారో, నన్ను ఆటపట్టించడానికి తీశారో ఇప్పటికీ తెలీదు.

పది నిమిషాల తర్వాత వంగి చూస్తే తెల్లటి పిండి మీద దారి స్పష్టంగా కనిపించింది. పెట్రోల్ పోసే మూత నుంచి ట్యాంకులోకి వెళ్లే లావు రబ్బరు గొట్టం ఉంటుంది కదా, అది ట్యాంకుని కలిసే చోట, క్లిప్పుకి అడుగున మొదలైంది తడి. అక్కడే కింద పడకుండా, ట్యాంకు రెండు రేకులూ కలిసే అంచు పట్టుకుని పాక్కుంటూ పోయి, అవతల చక్రం దగ్గర చుక్కగా రాలుతోంది. నేను పేపరు పరిచి కాపలా కాసిన చోటికీ, అసలు లీక్‌కీ మధ్య రెండడుగుల పైన తేడా. చుక్క పడే చోటు వేరు, కారే చోటు వేరు. కోడ్‌లో ఎర్రర్ వచ్చిన లైనూ, తప్పున్న లైనూ వేరైనట్టే.

పెట్రోల్ తీయడానికి చేతి పంపు వాడారు. నోటితో గొట్టం పీల్చే పద్ధతి సినిమాల్లో చూసి ఎవరూ చేయకండి, గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మూతలున్న ఇనుప డబ్బాల్లోకి తోడి, ఉన్నంతలో నాన్న స్కూటర్‌కీ మేస్త్రిగారి టీవీఎస్‌కీ పోసి, మిగిలింది షెడ్డుకి పంపించాం. గొట్టం ఊడదీసి నా చేతిలో పెట్టారు. పైనుంచి చూస్తే నల్లగా, నున్నగా, బాగానే ఉంది. వంచితే అడుగు వైపు చీలికలు నోరు తెరిచాయి, ఎండిన చెరువు మట్టిలాగా. ఇరవై ఎనిమిదేళ్ల కిందట కంపెనీలో బిగించిన గొట్టం. ఎవరో ఎప్పుడో క్లిప్పు మరీ బిగించడంతో అంచు కూడా తెగింది.

నాకు ఈ20 పెట్రోల్ మీద అనుమానం వచ్చింది. ఫోన్ తెరిస్తే చాలు దాని గురించే గొడవ కదా. ఇథనాల్ పాత రబ్బరుకి మంచిది కాదన్న మాట నిజమే, పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలు ముందే మార్చాల్సి రావచ్చు. కానీ మేస్త్రిగారు ఆ గొట్టాన్ని చూసి, "దీన్ని ఏదీ చంపలా పాపా, ముసలైపోయింది" అన్నారు. ఈ ఒక్క గొట్టం వరకూ ఆయన మాటే నమ్ముతా.

ఆ రాత్రి కారు ఖాళీ స్థలంలోనే. ఖాళీ ట్యాంకైతే భయం లేదనుకున్నా నేను. ద్రవం పోయినా లోపల ఆవిరి నిండే ఉంటుందని, అదే ఎక్కువ ప్రమాదమని మేస్త్రిగారు ట్యాంకు నోళ్లు గట్టిగా మూసి వెళ్లారు. నాన్న ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి కారుకి కాస్త దూరంలో వేసుకుని రాత్రి పదకొండు దాకా కూర్చున్నారు, తారాజువ్వలతో వచ్చే పిల్లల్ని వీధి అవతలి చివరకి పంపిస్తూ. అన్నం అక్కడికే తీసుకెళ్లా. "రెండేళ్ల కిందటే చూపించాల్సింది" అన్నారు పెరుగన్నం కలుపుకుంటూ. నేనేమీ అనలేదు. ఇక్కడ ఆ లీక్ చుక్క ఎవరి ఖాతాలో వేయాలో నాకూ తెలీలేదు. రెండేళ్లలో పండక్కి ఎన్నిసార్లు వచ్చా, ఒక్కసారన్నా ఆ కారు కిందకి వంగి చూశానా?

శనివారం విజయవాడ ఆటోనగర్. అక్కడ దొరకని స్పేర్ పార్ట్ ఉండదంటారు కానీ, మా గొట్టానికి మూడు షాపులు తిరిగా. మొదటి షాపులో పాత ముక్క చూసి, సరిగ్గా అదే లావున్న గొట్టం తీసిచ్చారు, ధర కూడా తక్కువ. తిప్పి చూస్తే రేడియేటర్ గొట్టం. నీళ్ల గొట్టాల రబ్బరు వేరు, వేడి నీటికి ఏళ్ల తరబడి తట్టుకుంటుంది కానీ పెట్రోల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. పెట్రోల్‌కి నైట్రైల్ లాంటి వేరే రబ్బరు కావాలి. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. గొట్టం మీద అచ్చు వేసి ఉంటుంది, అది చదివి తీసుకోవాలి. "పర్లేదు మేడమ్, అందరూ ఇదే వేస్తారు" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. అందరి ఇళ్లలో తులసి కోటలు ఏమవుతున్నాయో మరి. మూడో షాపులో సరైన లావు గొట్టం, సన్న గాలి గొట్టం, కొత్త క్లిప్పులు దొరికాయి. అన్నీ కలిపి ఆరొందల లోపే. పంపు బిల్లు గుర్తొచ్చి కడుపు మండింది.

సాయంత్రానికి బిగించేశారు. క్లిప్పు నేనే బిగించా, "చాలు, ఇంక తిప్పకు, మళ్లీ కోసుకుపోద్ది" అని మేస్త్రిగారు ఆపేదాకా. ఆయన డబ్బులు తీసుకోలేదు. చదువుకునే రోజుల్లో ఆయన కొడుక్కి నాన్న లెక్కలు చెప్పారట. అదీ నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున్నే అసలు పరీక్ష. కారు ఖాళీ స్థలంలోనే ఉంచి, తోడిన పెట్రోల్‌తో పాటు మరికొంత డబ్బాల్లో తెప్పించి, గరాటు పెట్టి నిండా పోశాం. మళ్లీ ముగ్గు పిండి. ఎండెక్కే దాకా, పన్నెండు దాకా చూశాం. తెలుపు తెలుపుగానే ఉంది. సాయంత్రం నేలకి ముక్కు ఆనించి మరీ వాసన చూశా. వేపాకుల వాసన, దుమ్ము వాసన, ఎక్కడో కాల్చిన మతాబుల వాసన. అంతే. అయినా అమ్మ ఒప్పుకోలేదు. పండగ వెళ్లేదాకా కారు గేటు లోపలికి రావడానికి వీల్లేదంది. ఎవరమూ ఎదురు చెప్పలేదు.

సోమవారం రాత్రి తులసి కోట దగ్గర మొదటి దీపం పెట్టేటప్పుడు అమ్మ ఒక్క క్షణం ఆగి గాలి పీల్చింది. నేనూ పీల్చా. ఆ తర్వాత వెలిగించింది.

హైదరాబాద్ వచ్చేసిన పది రోజులకి నాన్న నుంచి వాట్సాప్. షీట్‌లో వరస తప్పకుండా ఆయనే రాస్తున్నారు ఇప్పుడు. ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి 180 కిలోమీటర్లు, 11.4 లీటర్లు. కింద సమాధానం కూడా రెండో దశాంశం దాకా వేసి పంపారు, 15.79. ఆ కిందనే ఒక లైను. "దీన్ని పదహారు అనే అంటారు లెక్కల్లో."

2027 గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.